ప్రతీకల సారు

మా ఇంగ్లీషు సారు గతించినట్లు పూర్వ విద్యార్థుల వాట్సాప్ బృందంలో ఒక ఉదయం అధికారికంగా ప్రకటించబడింది. ఆ ప్రకటనకు పైన కోదాడ బైపాసు పక్కన అమ్మకానికి ఉన్న ఇళ్ల స్థలాల ఫొటో, కింద గులాబీలతో కూడిన శుభోదయం ఉన్నాయి. సారు ఉండి ఉంటే ఈ అమరికను ఊరికే వదిలేవారు కారు. స్థలం దేనికి ప్రతీక, గులాబీ దేనికి ప్రతీక, ఆ రెంటి మధ్యకు మరణం ఎందుకు వచ్చింది అని చాక్‌పీసుతో బల్ల మీద కొట్టి అడిగేవారు. ఆయన లేనందున ఎవరూ అడగలేదు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టి తమ తమ పనులకు వెళ్లిపోయారు.

గుండెపోటు. సూర్యాపేటలోని సొంత ఇంటి వరండాలో పేపరు చదువుతూ, చాయ్ కోసం లోపలికి ఒకసారి కేకేసి, రెండోసారి వేయలేదట. ఒక్క కేకతో ఊరుకోవడం ఆ ఇంట్లో అంతకు ముందెన్నడూ జరగలేదు గనుక ఆయన భార్య, మా మేడం, అనుమానపడి బయటికి వచ్చారు. దవాఖానకు తీసుకుపోవలసిన అవసరం అప్పటికే తీరిపోయింది.

ఆయన శిష్యుడిగాను, తరువాత ఆయన ఇంటి మీది వాటాలో చాలా ఏళ్లు కిరాయికి ఉన్నవాడిగాను, ప్రస్తుతం అదే పాఠాన్ని వేరొక కాలేజీలో చెప్పుకుంటున్నవాడిగాను ఈ నాలుగు మాటలు సమర్పించే అర్హత నాకు ఉన్నదని భావిస్తున్నాను. పోయినవారి గురించి మంచే చెప్పాలన్న నియమం నాకు తెలుసు. సాధ్యమైనంత వరకు పాటిస్తాను.

డిగ్రీలో మాకొక అమెరికా కథ ఉండేది. ఒక లోయ, ఆ లోయలో ఒక రైతు, ఆ రైతుకొక భార్య. ఆమె తన శక్తినంతా కంచె లోపల పూలు పెంచడంలో పెడుతుంది. ఆ పూలు కాక ఆమెలో ఇంకా ఎంత మిగిలి ఉందో ఆ ఇంట్లో ఎవరూ అడగరు. మా వెనక బెంచీల అభిప్రాయంలో ఆ కథలో ఏమీ జరగదు. కానీ సారు ఆ పాఠం చెప్పే వారం వెనక బెంచీలు సైతం సినిమాల గురించి మాట్లాడటం మానుకునేవి. అంత బాగా చెప్పేవారు. ఈ మాటలో వ్యంగ్యం లేదు.

"కథల ఏదీ ఊరికే ఉండదురా," అనేవారు. "కంచె అనంగనే మీరు కట్టెలు, తీగ అనుకుంటరు. కంచె అంటే ఆమె చుట్టున్న మనుషులు. పువ్వు అంటే పువ్వు గాదు, ఆమె లోపటనే ఉండి బయటికి రానిది. మొగడు ఆ పూలను సూసి ఏమంటడు? మంచిగున్నయ్ అంటడు. మెచ్చుకొని పోతడు. గదే విషాదం."

ముందు బెంచీల్లో అమ్మాయిలు కళ్లు తుడుచుకునేవారు. సారు కూడా కళ్లద్దాలు తీసి తుడిచేవారు. 'బయటికి రానిది' అన్నచోట ఆయన గొంతు ఏటేటా ఒకే మోతాదులో వణికేది. ఒక బ్యాచికి ఎక్కువ, ఒక బ్యాచికి తక్కువ అన్న పక్షపాతం ఆయనలో లేదు.

ఆ పాఠానికి ఆయన రాసిన గైడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండ్ల దగ్గరి పుస్తకాల షాపుల్లో దొరికేది. పేజీలో ఎడమ పక్కన వస్తువు, కుడి పక్కన దాని అర్థం. కంచె: అణచివేత. పువ్వు: స్త్రీత్వం. లోయ: మూసుకుపోయిన జీవితం. భర్త: సదుద్దేశం గలవాడు, కానీ గ్రహించడు. ఆ గైడు పుణ్యమా అని మూడు పట్టణాల్లో ఒక తరం తరమంతా స్త్రీ హృదయపు ఉక్కిరిబిక్కిరిలో మంచి మార్కులతో పాసై, పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడింది.

నాకు ఉద్యోగం వచ్చి పెళ్లయ్యాక సారే కబురు పెట్టి మీది వాటా కిరాయికి ఇచ్చారు. ఆయన శ్రీమతిని మేమంతా మేడం అనేవాళ్లం. ఆమె మాత్రం ఆయనను మాలాగే 'సారు' అనేవారు. ఆమె పుట్టిల్లు హాలియా దగ్గరి పల్లె. నాట్ల కాలంలో, బతుకమ్మ రోజుల్లో ఆమె గొంతు ఎత్తితే కాలువ అవతలి పొలాల్లో వాళ్లు నడుము నిలబెట్టి వినేవారట. పెళ్లిచూపులనాడు సారు తల్లి అడిగి మరీ పాడించుకున్నదట. ఈ సంగతులు మేడమే నా భార్యకు చెప్పారు.

పెళ్లి తరువాత ఈ విషయంలో సారు ఒక చిన్న సవరణ ప్రవేశపెట్టారు. లెక్చరర్ భార్య గొంతు వాకిలి దాటరాదు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కోపంలో కూడా వాక్యాన్ని కర్త కర్మ క్రియలతో పూర్తి చేసే మనిషి. "నీ పాట మంచిగనే ఉంటది. కాని మనకొక స్థాయి ఉంది గద," అన్నారట. మంచిగానే ఉంటుందని ఒప్పుకున్న సంగతి ఇక్కడ గమనార్హం.

అలాగని ఆ ఇంట్లో పాట పూర్తిగా నిషేధానికి గురైందని చెబితే అది సారుకు అన్యాయం చేసినట్లవుతుంది. మిక్సీ తిరుగుతున్నంత సేపు మేడం పాడుకునేవారు. ఆ రొద అడుగున ఒక గొంతు ఉండేది. మా వంటింటి కిటికీ దగ్గర నిలబడితే వినబడేది. మిక్సీ ఆగగానే అదీ ఆగేది. ఈ ఏర్పాటు ప్రభావం సహజంగానే వంట మీద పడింది. ఒకసారి నా భార్య వాళ్ల గిన్నె తిరిగి ఇస్తూ అడగనే అడిగింది.

"అక్కా, పల్లీల చట్నీ గింత మెత్తగ ఎందుకు మిక్సీ వడ్తవు? వెన్న లెక్క అయితుంది."

"పాట ఒడువకపాయె పిల్లా," అన్నారు మేడం. "నడుమల ఆపబుద్ధి గాలే."

బతుకమ్మ విషయంలో సారు ఎంతో ఆలోచించి ఒక మధ్యే మార్గం కనిపెట్టారు. సద్దులనాడు భార్యను పంపకపోతే కాలనీలో మాట వస్తుంది. పంపితే ఆమె పాడుతుంది. కనుక పంపాలి, కానీ పాడకూడదు. పూలు పేర్చవచ్చు, తిరగవచ్చు, చప్పట్లు కొట్టవచ్చు. పెదవులు మాత్రం విప్పరాదు. ఇంటి ముందరి ఖాళీ జాగాలో ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతుంటే మేడం నోరు మూసుకుని అందరితో పాటు వంగి, లేచి, తిరిగేవారు. మిగతావారికి రెండో చరణం దాటి ఏ పాటా రాదు. ఒక దగ్గర తడబడి అందరూ ఆమె ముఖంలోకి చూసేవారు.

"ఏమమ్మా మేడమ్మా, నోట్ల నీళ్లు వట్టుకున్నవా? నీకు రాని పాటున్నదా లోకంల?" అని ఒకావిడ దెప్పేది.

"ఊకో వదినె, సారు మిద్దె మీదికెల్లి సూస్తుండు," అని ఇంకొకావిడ.

సారు నిజంగానే మిద్దె మీద కుర్చీ వేసుకుని చూసేవారు. పూల పండుగ మీద ఆయనకు ఎనలేని గౌరవం. చివరికి ఆడవాళ్లంతా విసిగి సౌండ్ బాక్సు పెట్టుకునేవారు. ఆ పాటలకు మేడం చప్పట్లు ఒక్కసారి కూడా తాళం తప్పేవి కావు.

ఒక ఏడు పండుగ మరునాడు నా భార్య ఉండబట్టలేక ఆయననే అడిగింది. "సార్, అక్కను ఒక్క పాట పాడనియ్యరాదు? మాకెవ్వలకు పాట రాకపాయె."

"నేను వద్దన్ననా అమ్మా? ఇంట్ల పాడుకొమ్మను."

"ఇంట్ల పాడితే మీరు టీవీ సౌండ్ పెంచుతరట గద."

"వార్తల టైమై ఉంటది," అన్నారు సారు. తరువాత తంగేడు దేనికి ప్రతీక, గునుగు దేనికి ప్రతీక, ఇంత శ్రమపడి పేర్చిన పూలను తీసుకుపోయి నీళ్లలో వదలడం దేనికి ప్రతీక అన్నది ఆమెకు వివరించారు. నా భార్య పైకి వచ్చి, ఇంత తెలివిగల మనిషిని తాను పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నది. ఆ మాటకు కుడి పక్కన ఏ అర్థం రాసుకోవాలో గైడులో లేదు.

మహిళా దినోత్సవాలకు సారుకు మంచి గిరాకీ ఉండేది. ఒక ఏడు కోదాడలో ఒక కాలేజీ వారు ముఖ్య వక్తగా పిలిస్తే నన్నూ వెంట తీసుకుపోయారు. వేదిక మీద ఆసీనులైనవారంతా పురుషులే కావడం వల్ల కార్యక్రమం సకాలంలో ప్రారంభమైంది. మహిళా అధ్యాపకులకు శాలువాల పళ్లెం పట్టుకునే గౌరవం దక్కింది. సారు ఆ అమెరికా కథ చెప్పారు. "నిశ్శబ్దం కూడా ఒక కంచెనే. అది లోపలున్నవాళ్లకు కనబడతది, కట్టినోనికి కనబడది," అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇది ఆయన చెప్పిన మాటల్లో నేను ఇప్పటికీ మరిచిపోలేని మాట. నా క్లాసులో నేనూ చెబుతుంటాను, ఆయన పేరు మీదనే.

సభ ముగిశాక పళ్లెం పట్టుకున్న లెక్చరరమ్మ దగ్గరికి వచ్చింది. "చాలా బాగా చెప్పారండీ సార్. మేడం గారిని కూడా తీసుకురావాల్సింది కదండీ."

"ఆమెకు ఇసుంటివి ఇంట్రెస్టు లేదమ్మా."

"అంతేలెండి. రోజూ ఇంట్లో ఉండేవే కదా, మళ్లీ ఇంత దూరం రావడం ఎందుకు," అన్నది ఆవిడ, పళ్లెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

సారు దీన్ని ప్రశంసగా స్వీకరించి నమస్కారం పెట్టారు. ఆ రోజు ఇచ్చిన జ్ఞాపిక సంకెళ్లు తెంచుకుంటున్న స్త్రీ బొమ్మ. దాన్ని ముందు గది అద్దాల షోకేసులో పెట్టారు. శుక్రవారం శుక్రవారం మేడం దానికి దుమ్ము తుడిచేవారు. సంకెళ్ల సందుల్లో దుమ్ము ఊరికే పోదని, పాత టూత్‌బ్రష్ వాడాలని నా భార్యకు చెప్పారట.

సారు మూర్ఖుడని ఎవరైనా అనుకుంటే నేను అంగీకరించను. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని చాయ్ తాగుతుండగా, ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను.

"సార్, ఆ కథల మొగడు చెడ్డోడా?"

ఆయన కప్పు కింద పెట్టారు. క్లాసులో లాగా గొంతు మార్చలేదు. "కాదు," అన్నారు. "పాపం మంచోడే. ఆమెను మంచిగనే సూసుకుంటున్న అనుకుంటడు. తనే కంచె అని వానికి తెల్వది. ఎవడన్న చెప్పినా అర్థం గాదు."

"ఎందుకు గాదు సార్?"

"కథల ఉన్నోడు కథ చదువుకోలేడు గద," అన్నారు. అని, చాలాసేపు గేటు వైపు చూశారు. ఆయన ఇంకేదో చెప్పబోతున్నారనుకున్నాను. సారు కప్పు తీసుకుని ఒక గుక్క తాగి, లోపలికి తల తిప్పి, "చక్కెర తక్కువైంది," అన్నారు. మేడం చక్కెర డబ్బా తీసుకుని వచ్చారు.

ఆ రోజు నుంచి ఆయన మీద నాకున్న భావానికి తగిన పేరు గౌరవం కాదు. అయినా ఆయనకు నేను రుణపడి ఉన్నానన్నది నిజం. చూడటం నేర్పింది ఆయనే. ఆయన నేర్పిన చూపుతోనే ఆయన ఇంటిని చూశాను. ఆ చూపును తన ఇంటి గేటు దాకా తెచ్చి అక్కడే చెప్పులు విడిచినట్టు విడిచిపెట్టడం ఎలాగో ఆయన నాకు నేర్పలేదు. అది ఆయన ప్రత్యేక ప్రతిభ.

ఆ ప్రకటన వచ్చిన మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి సారు ఇంటి ముందు టెంటు వేసి ఉన్నది. సారు ఫ్రీజర్ బాక్సులో ఉన్నారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆయన తమ్ముడు, రైసు మిల్లు యజమాని, ఏర్పాట్లన్నీ చురుగ్గా చేయిస్తున్నారు. కోదాడలో ఉద్యోగం చేసే కొడుకు తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. కాలేజీ తరఫున పూలచక్రంతో పాటు సంతాప తీర్మానం కూడా వచ్చింది. ప్రిన్సిపాల్ దాన్ని నిలబడి చదివారు. చదువుతూ, తీర్మానంలో లేని ఒక మాట సొంతంగా చేర్చారు: "ఇన్నేళ్ల కాపురంలో ఈ ఇంట్లోంచి ఆడగొంతు వాకిలి దాటి వినబడలేదు. ఇది ఆదర్శ దాంపత్యం." అందరూ తలలూపారు. ఫ్రీజర్ బాక్సు సన్నగా మోగుతూ ఉంది.

వాళ్ల వంశంలో ఒక ఆచారం ఉన్నది. మొగడు పోతే భార్య శోకం పెట్టి ఏడవాలి. ఊరికే కన్నీళ్లు కారిస్తే చాలదు. గొంతెత్తి, మాట కట్టి, పోయినవాణ్ణి పిలుస్తూ ఏడవాలి. ఆమె శోకం పెట్టందే పాడె లేవదు. సారు చెల్లెలు అప్పటికే గొంతు పోయేలా ఏడ్చి ఉన్నది. మేడం మాత్రం ఆయన తల దగ్గర కూర్చుని, పెదవులు బిగబట్టుకుని, నేల చూస్తున్నారు.

"ఏడువు వదినె," అన్నది ఆ ఆడబిడ్డ, భుజం పట్టి కుదుపుతూ. "లోపట వెట్టుకుంటే గుండె ఆగుతది. ఒక్కపారి నోరిప్పు."

మేడం తల అడ్డంగా ఊపారు.

"మొగడు గట్ల పండుకుంటే పెదివి ఇప్పదేంది? సూసినోళ్లు ఏమనుకుంటరు?" అని వెనక ఒక ముసలావిడ.

తమ్ముడు వచ్చి వంగి నిలబడ్డాడు. "వదినె, నువ్వు ఇంత ఏడిస్తే లేవట్టుకపోతం. పొద్దెక్కుతుంది. గాడ మిల్లుకాడ లారీలు ఆగినయ్."

"సారు వద్దన్నడు గద," అన్నారు మేడం, వినీవినబడనట్టు.

"ఇప్పుడు ఆయనెక్కడున్నడే వదినె?" అని ఆడబిడ్డ ఘొల్లుమన్నది.

"గీడనే ఉన్నడు," అన్నారు మేడం. బాక్సు అద్దం మీద చెయ్యి పెట్టారు. పెట్టి, నోరు తెరిచారు.

"నోరు తెరువుమంటుండ్రయ్యో నా సారూ,
నిన్నడగకుంట ఎట్ల తెరుదునయ్యో.
వాకిట్ల వద్దంటివి, వాకిలి దాటలేదయ్యో.
బజార్ల వద్దంటివి, పెదివి ఇప్పలేదయ్యో.
కొడుకును తొట్టెల ఊపంగ కాయితాలు దిద్దుతున్నంటివి,
ఊపిరితోని ఊపిన్నయ్యో, పాట లేకుంట పెంచిన్నయ్యో.
గింతమంది ముంగట ఇయ్యాల పాడుమంటుండ్రు,
ఒక్కపారి చెప్పిపో సారూ, పాడన్నా, వద్దా?"

టెంటు కింద కుర్చీల చప్పుడు ఆగిపోయింది. అటువంటి గొంతు ఆ వీధిలో ఎవరూ విని ఉండలేదు. కొడుకు తల ఎత్తి తల్లి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. సారు జవాబు చెప్పలేదు. మేడం కొంచెం ఆగారు. జవాబు కోసం నిజంగానే ఆగినట్టున్నారు. తరువాత రెండో చరణం ఎత్తుకున్నారు.

అది శోకమే. రాగం శోకానిదే. కానీ అందులోకి హాలియా కాలువకు నీళ్లు వదిలిన రోజు వచ్చింది. నాటు వేసిన పొలాలు వచ్చాయి. చిన్ననాటి జతగత్తెలు పేరుపేరునా వచ్చారు. అత్తగారు పాడించుకున్న పాట వచ్చింది. నింద ఒక్కటీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోవడమే. చరణం చివర 'అయ్యో' అన్నచోట చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, గొంతు కలపడం మొదలుపెట్టారు.

నేను అలవాటు చొప్పున ఏది దేనికి ప్రతీక అని వెతికాను. దొరకలేదు. కాలువ కాలువే. పొలం పొలమే. పక్కన నిలబడ్డ మా శాఖ సహాధ్యాపకుడు, "జానపద ఛాయలున్నాయి," అని నా చెవిలో అన్నాడు. ప్రిన్సిపాల్ గడియారం చూసుకుని, "గొంతు మంచిగున్నది," అన్నారు.

సారును బాక్సులోంచి తీసి పాడె మీదికి చేర్చారు. ఆమె ఆగలేదు. లేపి భుజాల మీద పెట్టుకున్నారు. ఆమె లేచి నిలబడి, పాడె కర్ర మీద చెయ్యి వేసి, ఇంకో చరణం ఎత్తుకున్నారు. మోసేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్లీ కిందికి దించారు.

"ఇగ చాలు తియ్యి వదినె," అన్నాడు తమ్ముడు, ఎంతో మర్యాదగా.

"మీరే గద ఏడువుమన్నది," అన్నది ఆడబిడ్డ, కళ్లు తుడుచుకుని అతని చెయ్యి పట్టి పక్కకు లాగుతూ. "ఇగ ఆగుండ్రి."

ప్రిన్సిపాల్ కూర్చున్నారు. డప్పు కొట్టేవాళ్లు డప్పులు మోకాళ్లకు ఆనించి వింటున్నారు. వీధి చివర ఆటోలు నిలిచిపోయాయి. ముందు నడవవలసిన కొడుకు, చేతిలోని కుండలో నిప్పును బూడిద కమ్ముతుంటే, మళ్లీ బొగ్గులు తెమ్మని ఎవరికో సైగ చేసి, కుండను మెల్లగా నేల మీద పెట్టి, తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆమె ఇంకో చరణం ఎత్తుకున్నారు.